రక్తానికి రాజీపత్రం

మా ఆసుపత్రిలో తెలుగుకు మంచిరోజులు వచ్చిన నెలలోనే వీరవేణికి చెడ్డరోజులు మొదలయ్యాయి. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదని మా పరిపాలనాధికారి పేర్రాజుగారు ఇప్పటికీ లిఖితపూర్వకంగా చెబుతారు. ఆయన ఏం చెప్పినా లిఖితపూర్వకంగానే చెబుతారు. నా దగ్గర అంత కాగితబలం లేదు. బ్లడ్ బ్యాంకులో ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు ఉంది, ఒక రిజిస్టరు ఉంది, అందులో నేను రాసిన ఒక్క మాట ఉంది. జరిగిందంతా ఆ మాట వల్లనే జరిగింది.

ఆ ఏడాది "సంపూర్ణ సామరస్య ఆసుపత్రి" అని ఒక పురస్కారం పెట్టారు. దానికి అర్హతలు రెండు. ఒకటి, ఆసుపత్రిలో రాతకోతలన్నీ తెలుగులో ఉండాలి. రెండు, ఆసుపత్రి ప్రహరీ లోపల ఎవరికీ ఎవరితోనూ తగాదా ఉండకూడదు. రోగాలు తగ్గడం గురించి అర్హతల్లో ఏమీ లేదు కాబట్టి మాకు అవకాశాలు బాగానే ఉన్నాయని అందరం అనుకున్నాం.

మర్నాటికల్లా మా గది మీద "బ్లడ్ బ్యాంక్" బోర్డు పోయి "రుధిర భాండాగారము" వచ్చింది. జనం సరిగ్గా ఆ బోర్డు కిందే నిలబడి, బ్లడ్ బ్యాంకు ఎటండీ అని నన్ను అడిగేవారు. ఆంగ్లపదం వాడిన ఉద్యోగిపై శాఖాపరమైన చర్య ఉంటుందని సర్క్యులరు వచ్చింది. సర్క్యులరును తెలుగులో ఏమనాలో అందులో రాయలేదు. సాంకేతిక పదాల జాబితా "త్వరలో పంపబడును" అన్నారు. నేను రిటైరయ్యేలోగా అది వస్తుందన్న ఆశ నాకు లేదు. అప్పటికి నాకు ఇంకా పద్నాలుగు నెలల సర్వీసే ఉంది.

దాంతో మాటలు నేనే వెతుక్కోవలసి వచ్చింది. మా పని చెప్పుకోవడానికి చిన్నదే. రోగి రక్తం మీద తేరిన పసుపునీటిలో దాత ఎర్రకణాలు కలిపి చూస్తాం. హాయిగా కలిసిపోతే ఒక మాట, గడ్డకడితే ఇంకొక మాట రిజిస్టరు ఆరో గడిలో రాస్తాం. ఇన్నేళ్లూ ఇంగ్లీషులో రాశాను. ఇప్పుడు తెలుగులో ఏం రాయాలా అని ఆలోచిస్తే మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మకు గోంగూర పడేది కాదు. ఒక్క ముద్ద తింటే ఒళ్లంతా దద్దుర్లు. ఇంత చక్కని మాట ఇంట్లో పెట్టుకుని జాబితా కోసం ఎదురుచూడటం ఎందుకని, ఆ రోజు నుంచి "పడుతుంది", "పడదు" అని రాయడం మొదలుపెట్టాను. పేర్రాజుగారు చూస్తే మెచ్చుకుంటారని కూడా అనుకున్నాను.

ఇక వీరవేణి. ఇరవై రెండేళ్ల పిల్ల. జాకెట్లు కుడుతుంది. పుట్టుకతోనే థలసీమియా, ఒంట్లో రక్తం నిలవదు. మూడు వారాలకోసారి ఎక్కించుకోవాలి, ఊహ తెలిసినప్పటి నుంచీ ఎక్కించుకుంటూనే ఉంది. ఇన్ని వందలమంది రక్తం లోపలికి వెళ్లిన మనిషికి ఒక చిక్కు వచ్చే వీలుంది. ఎ, బి అనే గ్రూపులు అందరికీ తెలిసినవే. అవి కాక ఎర్రకణాల మీద చిన్నచిన్న గుర్తులు ఇంకా బోలెడుంటాయి. తనకు లేని గుర్తు పదేపదే లోపలికి వస్తుంటే కొందరి ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, దాన్ని పగలగొట్టే సరంజామా తయారుచేసుకుని కూర్చుంటుంది. ఆ సరంజామాను ప్రతిరక్షకాలు అంటారు. మళ్లీ అదే గుర్తున్న రక్తం ఎక్కిస్తే వణుకు, నడుంనొప్పి, కాఫీ రంగు మూత్రం, పచ్చకామెర్లు. ఒక్కోసారి మనిషే దక్కదు. గ్రూపు కలిసినా ఇంతే.

నెల మొదటి సోమవారం వీరవేణి వచ్చి మహిళా వార్డులో చేరింది. హిమోగ్లోబిన్ ఆరుకు దిగింది. మా దగ్గర ఆమె గ్రూపు, అంటే బి పాజిటివ్, ఒక్క సంచే మిగిలింది. అది ఏడుకొండలు అనే లారీ మెకానిక్కు ఇచ్చినది. కలిపి చూస్తే గడ్డకట్టింది. కడిగి మళ్లీ చూశాను, ఇంకా గట్టిగా గడ్డకట్టింది. వెనకటి రోజుల్లో దాతకు నంబరు వేసేవాళ్లం. కొత్త నమూనాలో పేర్లు పూర్తిగా, తెలుగులో రాయాలి. రాశాను. గ్రహీత: వీరవేణి. దాత: ఏడుకొండలు. గ్రూపు: ఒకటే. ఆరో గడిలో: పడదు.

ఇలాంటప్పుడు చేయవలసింది ఒకటుంది. పట్నంలో ఉన్న పెద్ద కేంద్రానికి మనిషిని పంపితే ఏ గుర్తు పడటం లేదో వాళ్లు కనిపెట్టి, ఆ గుర్తు లేని రక్తం ఎక్కించి పంపుతారు. సూపరింటెండెంటుగారి సంతకం ఉన్న ఉత్తరం లేకపోతే మాత్రం గేటు దగ్గరే ఆపేస్తారు. ఒక ఉత్తరం, ఒక సంతకం, ఒక అంబులెన్సు, రెండు రోజుల పని. ఉత్తరం రాసి, రిజిస్టరు జతచేసి, పేర్రాజుగారి బల్ల మీద పెట్టాను.

పేర్రాజుగారు మంచివారు. ఇది వెటకారానికి అనడం లేదు, చెడ్డవారైతే ఎదిరించడం సులువుగా ఉండేది. తెల్లని చొక్కా, జేబులో రెండు కలాలు, పక్క గదిలో ఉన్న మనిషికి కూడా మెమో ద్వారానే నమస్కారం చెప్పే క్రమశిక్షణ. సాయంత్రం లోపల నాకు మెమో వచ్చింది.

"రుధిర భాండాగారపు దస్త్రము పరిశీలించగా, ఒకే గ్రూపునకు చెందిన ఏడుకొండలు, వీరవేణి అను ఇరువురికి పడుటలేదని తేటతెల్లమగుచున్నది. ఒకే గ్రూపులో నుండి పడకపోవుట ముఠా తగాదా క్రిందకు వచ్చును. పురస్కార పరిశీలన సమీపించుచున్న తరుణమున ఇట్టి పొరపొచ్చములు మిక్కిలి విచారకరము. విషయము సామరస్య సంఘమునకు నివేదించడమైనది. వివాదము తెగువరకు సదరు రోగికి సంబంధించిన ఏ కాగితమును ఆసుపత్రి గడప దాటరాదు."

నేను నవ్వుకుంటూ ఆయన గదికి వెళ్లాను. నవ్వుతూ వెళ్లిన ఉద్యోగి ఆ గదిలోంచి నవ్వుతూ రావడం నా సర్వీసులో చూడలేదు. పడటం లేదంటే తగవని కాదు, ఆ రక్తం ఈమెకు సరిపడదని అర్థం అన్నాను. ఆయన కలం మూత పెట్టి నన్ను జాలిగా చూశారు.

"వల్లిగారూ, నేను తెలుగు ఎమ్మే. ఫలానా ఇద్దరికీ పడదు అంటే ఏమిటో మీరు నాకు చెప్పాలా?"

చెప్పాలనే అనిపించింది గాని, కాగితం మీద చెప్పమన్నారు. చెప్పాను. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు ఎరగరని, పడనిది మనుషులకు కాదు, శరీరానికని రాశాను. దానికి జవాబు మంగళవారం వచ్చింది. "కనీసము ముఖపరిచయమైనను లేకుండగనే వ్యవహారము శారీరక వైరము వరకు వెళ్లిన దృష్ట్యా, దీనిని అత్యంత తీవ్రమైన వివాదముగా పరిగణించడమైనది" అని ఉంది. నేను రాసిన వాక్యం వల్లనే కేసు మొదటి తరగతికి పెరిగింది.

సూపరింటెండెంటు త్రివిక్రమరావుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్ల డాక్టరు. పేర్రాజుగారు వేలు పెట్టి చూపిన చోట సంతకం పెట్టేటప్పుడు మాత్రం తన కళ్లు తాను వాడరు. అంతా విని, మీరు చెప్పింది నిజమేనమ్మా, కానీ ఫైలు కదిలాక వైద్యం మాట్లాడితే బాగుండదు, గురువారం సంఘం ఉందిగా, అక్కడ తేలుతుంది అన్నారు. బ్లడ్ బ్యాంకుకు మెడికల్ ఆఫీసరు ఉంటే ఆయనతో చెప్పించేదాన్ని. ఆ కుర్చీ మూడేళ్లుగా ఖాళీ. ఏటా దానికి కొత్త గలేబు మాత్రం వేస్తారు.

గురువారం సామరస్య సంఘం కూర్చుంది. అధ్యక్షులు పేర్రాజుగారు, సభ్యులు త్రివిక్రమరావుగారు, సాక్షిని నేను. వీరవేణి హిమోగ్లోబిన్ అప్పటికి అయిదు. మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసంతో గోడ పట్టుకుంది. ఏడుకొండలు చేతుల గ్రీజు కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, అవమానంతో వచ్చాడు. పాపం, ముప్పైసార్లు రక్తమిచ్చిన మనిషి. నోటీసు అందినప్పటి నుంచి షెడ్డులో పని మానేసి కూర్చున్నాడట.

"ముప్పైసార్లిచ్చానండి. ఒక్కళ్లు పడదన్లేదు. నా రత్తానికేం వచ్చిందండి?" అన్నాడు.

పేర్రాజుగారు ఓర్పుగా విచారణ నడిపారు. వివాదం ఎప్పటి నుంచి అన్నారు. సోమవారం నుంచి అన్నాను నేను. ఇరుపక్షాలకు సరిహద్దు తగాదాలున్నాయా అని అడిగారు. వీరవేణిది అద్దె ఇల్లు, ఏడుకొండలు షెడ్డులోనే పడుకుంటాడు. పెళ్లిళ్లలోగాని, కుళాయి దగ్గర గాని మాటామాటా వచ్చిందా అన్నారు. ఈయన్నెప్పుడూ సూళ్లేదండి అంది వీరవేణి. చూడకుండానే ఇంత పగ పెంచుకున్నారంటే మధ్యలో ఎవరో చాడీలు చెప్పి ఉంటారని త్రివిక్రమరావుగారు అభిప్రాయపడ్డారు. ఇద్దరూ కలిసి నా వైపు చూశారు.

చివరికి ఏడుకొండలే లేచాడు. అమ్మాయి పాలిపోయిన మొహంకేసి చూశాడు. అమ్మా, నీకూ నాకూ ఏ గొడవా లేదు, నువ్వు నా చెల్లెలివి, కావాలంటే ఇంకో సంచి ఇస్తా అన్నాడు. ఆ మాటతో సంఘం కళ్లు చెమర్చాయి. ముందే తెప్పించి ఉంచిన పసుపు, కుంకుమ, గాజులు, జాకెట్టు ముక్క బల్ల మీదికి వచ్చాయి. ఏడుకొండలు అన్నగా జాకెట్టు ముక్క పెట్టాడు, వీరవేణి చెల్లెలిగా బొట్టు పెట్టింది, ఫొటో తీశారు. వీరవేణి కుట్టుపని మనిషి కాబట్టి గుడ్డ అందుకోగానే జానతో కొలిచి, ఇది నాకు సరిపడదండి అంది. పడదు అన్న మాట వినగానే పేర్రాజుగారు ఉలిక్కిపడి, గుడ్డ గురించేనని తేలాక స్థిమితపడ్డారు.

రాజీపత్రం సిద్ధంగానే ఉంది. "ఇకమీదట మేమిరువురము ఒకరికొకరము పడగలమని, పూర్వ వైషమ్యములను మనసా వాచా మరచితిమని" ఇద్దరూ సంతకాలు చేశారు. ఆ వెంటనే నాకు ఆజ్ఞ. ఇరుపక్షాలు రాజీపడినందున ఆరో గడిలో "పడదు" కొట్టివేసి "పడుతుంది" అని దిద్ది, సంచిని వార్డుకు పంపవలెను.

నేను దిద్దనన్నాను. రాజీపడింది మనుషులు, లోపలున్న ప్రతిరక్షకాలు కాదు, అవి ఎర్రకణాల్ని పట్టుకుని పగలగొడతాయి, పిల్ల చచ్చిపోతుంది అని చెప్పాను. పేర్రాజుగారికి ఒక్కసారిగా వెలుగు తోచింది.

"అంటే మూడో పక్షం ఉందన్నమాట. ఈ సంగతి ముందే చెప్పాల్సింది వల్లిగారూ. వాళ్ల వాదన వినకుండా తీర్పివ్వడం న్యాయం కాదు."

ఆ మధ్యాహ్నమే నోటీసు తయారైంది. "శ్రీయుతులు ప్రతిరక్షకములు, కేరాఫ్ వీరవేణి శరీరము, మహిళా వార్డు, పదకొండవ మంచము" అని చిరునామా. శనివారం ఉదయం పదిన్నరకు స్వయంగా గాని, ప్రతినిధి ద్వారా గాని హాజరై, దాత ఎర్రకణాలను ఏల పగలగొట్టుచున్నారో సంజాయిషీ ఇచ్చుకోవాలి. నోటీసును అందుకునేవారు లేనందున మంచం కోడుకు అంటించారు. వార్డు నర్సు ఎస్తేరురాణి చేత అంటించినట్టు సాక్షి సంతకం తీసుకున్నారు. ఆమె సంతకం పెట్టి, మంచం మీది పిల్ల నుదురు తడిమి, నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

శనివారం పదిన్నరకు బంట్రోతు వరండాలోకి వెళ్లి "ప్రతిరక్షకాలూ" అని మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. నియమం ప్రకారం పదిహేను నిమిషాలు ఆగారు. ఆ తర్వాత పేర్రాజుగారు తీర్పు చదివారు. నోటీసు అందియు హాజరు కానందున ప్రతిరక్షకములకు ఈ రక్తముపై ఎట్టి అభ్యంతరమును లేనట్లు భావించడమైనది. త్రివిక్రమరావుగారు చూపిన చోట సంతకం చేశారు.

తర్వాత జరిగింది చెప్పడం నాకు కష్టం. ఆ రోజే నా పేర మరో మెమో తెచ్చి చేతికిచ్చారు. సామరస్యానికి భంగం కలిగించినందుకు సస్పెండు చేయడానికి ప్రతిపాదన. పద్నాలుగు నెలల సర్వీసు. వీరవేణి హిమోగ్లోబిన్ అప్పటికి నాలుగున్నర. రక్తం లేకపోయినా ప్రమాదమే కదా, ఏమో, కొంచెం కొంచెంగా ఎక్కిస్తే తట్టుకుంటుందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధమని చెప్పుకుంటున్నప్పుడే తెలుసు. గాజుపలక మీద ఆ గడ్డల్ని రెండుసార్లు కళ్లారా చూసినదాన్ని. అయినా కలం తీసి "పడదు" కొట్టేశాను. పక్కన "పడుతుంది" అని రాసి, పొట్టి సంతకం పెట్టాను. పూర్తి పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

సంచి పైకి వెళ్లింది. గదిలో కూర్చోలేకపోయాను. పది నిమిషాలకు లేచి మెట్లెక్కి వార్డుకు పరిగెత్తాను. నేను వెళ్లేసరికి మంచం కదులుతోంది. వీరవేణి పళ్లు టకటకలాడుతున్నాయి, నడుం ఇరిగిపోతోందండి అంటోంది. ఎస్తేరురాణి అప్పటికే గొట్టం మూసేసింది. నాలుగు చెంచాల రక్తం కూడా లోపలికి వెళ్లి ఉండదు. సెలైను పెట్టారు, సూదిమందులు ఇచ్చారు, రెండు దుప్పట్లు కప్పారు. సాయంత్రానికి వణుకు ఆగింది. నేను ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాను. రాసే చెయ్యి మీద నాకు అసహ్యం వేసింది.

మర్నాడు ఆదివారమైనా పేర్రాజుగారు ఆఫీసుకు వచ్చారు. పుస్తకాల ప్రకారం ఇది రక్తమార్పిడి ప్రతిచర్య. ఆయన పుస్తకం వేరు. "ఉభయులును సంతకము చేసిన రాజీపత్రమును శ్రీమతి వీరవేణి ఏకపక్షముగా ఉల్లంఘించి, సంఘపు అనుమతి లేకుండగనే వణకినందున, ఆమెపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను." దాన్ని కూడా మంచానికే అంటించారు. పాత నోటీసు పక్కన చోటు సరిపోయింది.

మూడు రోజులు ఆగితే ఆ పిల్ల ఉండదు. ఉత్తరం మాత్రం "వివాదం పెండింగు" అన్న ఎర్రసిరా కింద నలుగుతోంది. సోమవారం పొద్దున్న నా బల్ల దగ్గర తల పట్టుకుని కూర్చుంటే, పేర్రాజుగారు మాకు నెలకోసారి చెప్పే సొంత కథ గుర్తుకొచ్చింది. ఆయన్ను ఒకప్పుడు కొండప్రాంతానికి బదిలీ చేశారట. అక్కడి నీళ్లు పడలేదట. తొమ్మిది నెలలు తిరిగి, సర్టిఫికెట్టు పెట్టి, బదిలీ తెచ్చుకుని ప్రాణాలతో బయటపడ్డారట. అలాగని ఆయనకు ఆ నీళ్లతో రాజీ చేయాలని ఎవరికీ తోచలేదు. ప్రభుత్వోద్యోగి శరీరానికి ఈ లోకంలో పడనివి నీళ్లు మాత్రమే. మిగతావన్నీ తగాదాలు.

కొత్త కాగితం తీసుకుని రాశాను. "మహిళా వార్డు పదకొండవ మంచము రోగి వీరవేణికి ఈ ఊరి నీళ్లు పడనందున, పట్నములోని రుధిర కేంద్రమునకు తాత్కాలికముగా బదిలీ చేయగోరుచున్నాను."

పేర్రాజుగారు చదివారు. మొహం మెత్తబడింది. కుర్చీలోంచి సగం లేచారు కూడా.

"అయ్యో, ఈ మాట మొదటే చెప్పకూడదూ? నీళ్లు పడకపోతే ఎంత నరకమో నాకు తెలుసు."

మరి వివాదం పెండింగులో ఉంది కదా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది, కానీ వెటకారం అలవాటైన నోరు. నీళ్ల కేసుకు ఏ పెండింగూ అడ్డు రాదని, అది మానవతా దృక్పథమని ఆయన సెలవిచ్చారు. నాలుగు నిమిషాల్లో సూపరింటెండెంటుగారి సంతకం అయింది. అదే మధ్యాహ్నం అంబులెన్సు బయలుదేరింది. రోగం వివరాలు, అసలు సంగతి, ఆ నాలుగు చెంచాల సంగతి వేరే చీటీలో రాసి, మడిచి, వీరవేణి చేతిలో పెట్టాను.

పట్నంలో వాళ్లు ఒక్క రోజులో కనిపెట్టారు. ఒంట్లో రెండు రకాల ప్రతిరక్షకాలున్నాయి. రెండు గుర్తులూ లేని సంచులు వెతికి ఎక్కించారు. పదో రోజుకి వీరవేణి తన కాళ్ల మీద నడుచుకుంటూ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఒక చిన్న కార్డు. ఏ రక్తం ఇవ్వకూడదో దాని మీద ఉంది. కార్డు ఇంగ్లీషులో ఉన్నందున దస్త్రంలో చేర్చడానికి వీలుపడదని పేర్రాజుగారు తిప్పి పంపారు. అదీ మంచికే అయింది, కార్డు ఆమె దగ్గరే ఉండిపోయింది.

పురస్కారం మాకే వచ్చింది. ఏర్పాట్లు ఘనంగా చేశారు. వేదిక మీద పెద్ద ఫ్లెక్సీ, దాని మీద జాకెట్టు ముక్క అందుకుంటున్న వీరవేణి. పరిశీలకులకు అన్నిటికన్నా నచ్చింది ఆ రాజీపత్రమేనట. రక్తదాతకూ గ్రహీతకూ మధ్య వైరాన్ని రూపుమాపిన తొలి ఆసుపత్రి అని పొగిడారు. పాత రిజిస్టర్లలోని "పడదు"లన్నీ ఏరి, పదేళ్లవి, ఒకే రోజున మహా రాజీ మేళా పెట్టి తెంపేస్తామని పేర్రాజుగారు మైకులో ప్రకటించారు. ఆ మాట ఇక రిజిస్టర్లో కనబడరాదని కూడా అన్నారు. ఆ తర్వాత వీరవేణినీ, ఏడుకొండలునీ వేదిక మీదికి పిలిచి, నాలుగు మాటలు చెప్పమన్నారు.

ఏడుకొండలు దణ్ణం పెట్టి పక్కకు తప్పుకున్నాడు. వీరవేణి మైకు పట్టుకుంది. మెల్లిగా మొదలుపెట్టింది.

"అన్నయ్య రాజీ పడ్డాడండి. నేనూ పడ్డానండి, సంతకం పెట్టమంటే పెట్టేశాను. సూపర్నెంటుగారు పడ్డారు. వల్లీ మేడంగారు చానా మంచోరు, ఆరూ పడ్డారండి. నా ఒంట్లో రత్తమొక్కటే రాజీ పడలేదండి. అది వణికి చెప్పబట్టి ఆపారు. అదీ ఊరుకునుంటే ఇంకెవరు చెప్తారండి?"

జనం చప్పట్లు కొట్టారు. మైకులో ఏం చెప్పినా కొడతారు. పేర్రాజుగారు అందరికన్నా గట్టిగా కొట్టి, పక్కనున్న గుమాస్తాకు మినిట్సులో రాయించారు: "లబ్ధిదారు తన హర్షామోదములను గద్గద స్వరముతో వెలిబుచ్చెను." నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. ఆ పిల్ల నన్ను నిందించలేదు, మంచోరు అంది. అదే నాకు గుచ్చుకుంది.

మర్నాడు ప్రసవాల వార్డు నుంచి ఒక శాంపిలు వచ్చింది. మూడో కాన్పు మనిషి, రక్తం కావాలి. కలిపి చూశాను, గడ్డకట్టింది. కడిగి మళ్లీ చూశాను. రిజిస్టరు తెరిచాను. ఆరో గడి పైన ఎర్రసిరాతో రాసిన ఆజ్ఞ అంటించి ఉంది, ఆ మాట వాడరాదని. గడి చిన్నది కాబట్టి రెండు గడులకు పట్టేలా పెద్ద అక్షరాలతో "పడదు" అని రాశాను. కింద సంతకం చేశాను. ఈసారి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.